పార్టీ లేని మనిషికి భద్రత ఎప్పుడు?

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

రాయలసీమ అనగానే బయటి ప్రాంతాల వారికి రెండే మాటలు గుర్తుకొస్తాయి. ఒకటి కరువు, రెండోది కక్ష. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’ ఆడిన దగ్గర్నుంచి సినిమావాళ్లు మూడోది కూడా తగిలించారు: గాల్లోకి లేచే సుమోలు. ఎక్కడికైనా పోయి “మాది కర్నూలు” అనో “మాది కడప” అనో చెబితే, ఎదుటివాడు నవ్వుతూనే ఒక అడుగు వెనక్కి వేయడం మనలో చాలామందికి అనుభవమే. “మీవాళ్లకు పౌరుషం ఎక్కువటగా!” అంటారు. అది పొగడ్త అనుకుని మీసం మెలేసే మిత్రులూ మనలో లేకపోలేదు.

నేను రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. వానను నమ్ముకున్న శనగచేను, ఒక బోరు కింద కాస్త చీనీతోట మాకు ఆధారం. కక్షలంటే నాకు సినిమా కాదు. మా ఊరి పొలిమేరలో ఏళ్ల తరబడి బీడుపడిన ఒక చేను ఉండేది. మంచి నల్లరేగడి. దాని సొంతదారు ఊరు విడిచి పోయాడు. కౌలుకు చేసుకుంటామని ఎవరూ ముందుకు రాలేదు. చేస్తే ఒక వర్గానికి కోపం. చిన్నప్పుడు ఆ చేను పక్కగా బడికి పోతూ, ఇంత మంచి భూమిలో కంపచెట్లు ఎందుకు మొలిచాయని అనుకునేవాణ్ణి. వానలు లేక ఎండిన చేలు మాకు అలవాటే. వాన కురిసినా బీడుగా మిగిలిన చేను మాత్రం అదొక్కటే.

ఈ వ్యాసంలో ఎవరు ఎవరిని చంపారో లెక్క కట్టబోవడం లేదు. కక్ష ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది, ఎలా తగ్గుతుంది అన్నది ఒక సైన్సు విద్యార్థిగా నాకు అర్థమైనంతలో వివరిస్తాను.

రక్తంలో ఉందా?

“పాలెగాళ్ల రక్తం, అందుకే ఇట్లా” అనే మాట తరచు వింటాం. చరిత్ర ఏం చెబుతోందో చూద్దాం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. అందుకే దత్తమండలాలన్నారు. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ఉన్నాడు. ఆయన లెక్కలో పాలెగాళ్లు 80 మంది. కొందరిని బలంతో అణచాడు, లొంగినవారికి పింఛన్లు ఇచ్చాడు. కానీ పాలెగాళ్ల కింద కత్తి పట్టి, అందుకు బదులుగా ఇనాం భూమి అనుభవించే కట్టుబడి బంట్లు వేలల్లో ఉండేవారు. కాలక్రమాన వాళ్ల ఇనాములు కూడా కంపెనీవాళ్లు లాక్కోసాగారు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడినప్పుడు ఆయన వెంట నడిచినవాళ్లలో ఈ కట్టుబడులే ముఖ్యులు. 1847 ఫిబ్రవరిలో ఆయనను కోయిలకుంట్లలో ఉరితీశారు.

ఆ తిరుగుబాటు పరాయి పాలన మీద జరిగిన పోరాటం. నేటి కక్షలను దానితో పోల్చడం తప్పు. కానీ మన విషయానికి పనికొచ్చే పాఠం ఒకటి అందులో ఉంది. మనిషి చేతిలోంచి ఆయుధం తీసుకోవడం సగం పని మాత్రమే. ఆ చేతికి తిండి చూపించడం మిగతా సగం. నాయకుడికి పింఛను, బంటుకు పస్తు అన్న లెక్క 1807లోనూ నిలవలేదు, ఈనాడూ నిలవదు.

పౌరుషం రక్తంలోనే ఉంటే అన్ని ఊళ్లలోనూ కక్షలుండాలి. పాత కర్నూలు, కడప జిల్లాల్లో కూడా ఒక నాటుబాంబు చప్పుడైనా వినని ఊళ్లే ఎక్కువ. గణితం బోధించి, తర్వాత న్యాయవాదిగా, హక్కుల ఉద్యమకారుడిగా బతికిన కె. బాలగోపాల్ (1952–2009) ఈ విషయాన్ని ఊరూరా తిరిగి పరిశీలించారు. ఊరి పెత్తనం, ఎన్నికలు, కాంట్రాక్టులు కలిసి కక్షలను పెంచిన తీరును ఆయన వ్యాసాలు వివరిస్తాయి.

నా అల్పబుద్ధికి తోచింది కూడా అదే. నీళ్లు లేని నేలలో సేద్యంతో సంపాదించేది తక్కువ. పెత్తనంతో సంపాదించేది ఎక్కువ. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక ప్రభుత్వ నిధులు ఊరికి చేరే దారి సర్పంచి, సమితి అధ్యక్షుడి చేతుల్లోకి వచ్చింది. తర్వాత సారా పాటలు (సారాను 1993లో నిషేధించారు), రోడ్డు పనులు, గనుల లీజులు వచ్చాయి. పాటలో పోటీ లేకుండా చేసుకోవడానికి మనుషులు కావాలి. పోలింగు బూతు చేతిలో ఉండాలన్నా మనుషులు కావాలి. ఆ మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? వానలు లేక పనులు లేని ఊళ్ల నుంచి.

భయం లెక్క

మరి సామాన్య రైతు ఎందుకు ఏదో ఒక వర్గంలో చేరతాడు? మా జేజినాయన ఒకసారి చెప్పిన మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. “యాదో ఒగ పక్క ఉంటే ఒగడే శత్రువురా నాయనా. యా పక్కకూ పోకపోతే ఇద్దరూ శత్రువులే” అన్నాడు.

మొత్తం రహస్యం ఇందులోనే ఉంది. గట్టు తగాదా వస్తే స్టేషనులో ఎవరు మాట్లాడాలి? బోరుకు కరెంటు, బ్యాంకులో అప్పు, సొసైటీలో ఎరువు కావాలంటే ఎవరి చీటీ కావాలి? ఊళ్లో వర్గనాయకుడు చెబితేనే పని అయ్యే పరిస్థితిలో రైతు అభిమానం కొద్దీ కాదు, ఇన్సూరెన్సు కట్టినట్టుగా వర్గంలో చేరతాడు. ఆ ఇన్సూరెన్సుకు కంతు మాత్రం ప్రాణాలతో కట్టాల్సి వస్తుంది.

ఇక రెండో మెట్టు. అవతలి వర్గం ఇంట్లో పది వేటకొడవళ్లున్నాయని వినిపిస్తుంది. నిజమో అబద్ధమో తెలీదు. అయినా ఇవతలివాడు పదకొండు చేయిస్తాడు. ఆ సంగతి అవతలికి చేరుతుంది, వాళ్లు పన్నెండు చేయిస్తారు. ఇద్దరూ ఆత్మరక్షణకే అంటారు, ఇద్దరూ చెప్పేది నిజమే. అయినా ఊరు మాత్రం ఆయుధాగారం అవుతుంది. ఎవరికి వారు భద్రత కోసం చేసే పనే అందరి భద్రతనూ తీసేస్తుంది. దేశాలు అణ్వస్త్రాలు పోగేసుకున్నదీ ఈ లెక్కతోనే.

కక్షకు ఒక క్రమం కూడా ఉంది. మొదట చెట్లు పోతాయి. కాపుకొచ్చిన చీనీచెట్లను రాత్రికి రాత్రి నరికేస్తారు. చీనీచెట్టు కాపుకు రావాలంటే నాలుగైదేళ్లు కన్నబిడ్డలా పెంచాలి. తర్వాత గడ్డివాములు తగలబడతాయి, బోరు మోటార్లు బావిలో పడతాయి. ఆ తర్వాతనే మనిషి. అంటే హత్యకు ముందు ఊరు ఎన్నో హెచ్చరికలు ఇస్తుంది. చెట్లు నరికిన రోజే కేసు గట్టిగా నడిస్తే, నష్టపరిహారం అందితే, ఆ ఊళ్లో శవం లేవకపోవచ్చు. “చెట్లే కదా” అని వదిలేసిన చోట కక్ష వేరు పట్టుకుంటుంది.

నాటుబాంబుకు శత్రువెవరో తెలీదు

కత్తికీ నాటుబాంబుకూ ఒక తేడా ఉంది. కత్తి పట్టినవాడు ఎదుటివాడి ముఖం చూస్తాడు. బాంబుకు ముఖాలు తెలియవు. 1997 నవంబర్ 19న హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో కారుబాంబు పేలింది. అది అనంతపురం జిల్లా కక్షల్లో పరిటాల రవిని గురిపెట్టింది. ఆయన ఆనాడు బతికాడు, 2005 జనవరి 24న అనంతపురంలో హత్యకు గురయ్యాడు. కానీ జూబ్లీహిల్స్‌లో 26 మంది చనిపోయారు. టీవీ చిత్రీకరణకు వచ్చిన పనివాళ్లు కూడా వారిలో ఉన్నారు. వాళ్లకూ ఆ కక్షకూ ఏ సంబంధమూ లేదు.

రసాయనశాస్త్రం చదివే మిత్రులకు ఒక మాట. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1867లో డైనమైటుకు పేటెంటు పొందినప్పుడు సాధించింది కొత్త పేలుడు శక్తి కాదు. నైట్రోగ్లిజరిన్ అనే చంచలమైన పదార్థాన్ని, కావాలనుకున్నప్పుడు తప్ప పేలకుండా మచ్చిక చేయడం. గనుల్లో లైసెన్సుతో వాడే పేలుడు పదార్థాలకు ఇదే సూత్రం. నాటుబాంబు దీనికి పూర్తిగా వ్యతిరేకం. రాపిడికి, తాకిడికి, వేడికి దేనికి పేలుతుందో తయారుచేసినవాడికే తెలీదు. వేసవి ఎండలో ఒక రకంగా, ముసురులో తడిసి ఆరాక ఇంకో రకంగా ఉంటుంది. అందుకే చుట్టేటప్పుడే చేతులు, కళ్లు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు అన్నేసి చదివాం.

గడ్డివాముల్లో, పాడుబడ్డ ఇళ్లలో, కంపల్లో దాచిన బాంబు, దాచినవాడు జైలుకు పోయినా, చచ్చిపోయినా, రాజీపడినా, అక్కడే ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత గొర్రెలు మేపే పిల్లవాడికి దొరుకుతుంది, బంతి అనుకుంటాడు. ఊళ్లో ఉన్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్కటే నేర్పుదాం: దారంతో చుట్టిన ఉండ ఏదైనా కనబడితే ముట్టుకోవద్దు, తన్నవద్దు, నీళ్లు పోయవద్దు, రాయి వేయవద్దు. వచ్చిన దారినే వెనక్కి వచ్చి, మరెవరినీ అటు పోనీయకుండా 112కు ఫోను చేయాలి. దాన్ని తీయడం శిక్షణ పొందిన పోలీసు బృందం పని. దాచినవాడు మనవాడే అయినా సరే, అది అక్కడుండటం మన ఇంటికే ముప్పు.

కేసు, జామీను, రాజీ

చట్టాలు లేక కక్షలు మిగిలాయనుకుంటే పొరపాటు. పేలుడు పదార్థాల చట్టం 1908 నాటిది, ఆయుధాల చట్టం 1959 నాటిది. గొడవ చేస్తారని అనుమానమున్నవారిని ముందే బైండోవర్ చేయడానికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 107, 110 సెక్షన్లు ఉండేవి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహితలో అవి 126, 129.

మరి లోపం ఎక్కడ? హత్య జరగ్గానే చేసినవారి పేర్లతో పాటు చేయనివారి పేర్లు కూడా ఫిర్యాదులో ఎక్కుతాయి. గుంపులో ఉన్న ప్రతివాడూ బాధ్యుడే అనే సెక్షను ఉంది కనుక, అవతలి వర్గంలో పనికొచ్చే ప్రతి మగవాణ్నీ ఇరికించవచ్చు. చదువుకునే కుర్రవాడి పేరు కూడా ఎక్కుతుంది. ఏ తప్పూ చేయకుండా కొన్ని నెలలు జైల్లో ఉండి వచ్చిన కుర్రవాడు, బయటికొచ్చాక నిజంగానే ఆ వర్గం మనిషవుతాడు. చదువు పోయింది, లాయరు ఖర్చుకు ఎకరం పోయింది, ఆ ఖర్చు పెట్టిన నాయకుడికి రుణపడ్డాడు. ఒక్క అబద్ధపు పేరు ఒక కొత్త బంటును తయారుచేసింది!

ఆ తర్వాత ఏళ్ల తరబడి వాయిదాలు. ఈలోగా ఎన్నికల పొత్తు కోసమో, వ్యాపారం కోసమో పైన ఇద్దరు నాయకులు రాజీపడతారు. దండలు మార్చుకుంటారు, పత్రికల్లో ఫోటో పడుతుంది. ఆ మర్నాటి నుంచి ఇరువైపులా సాక్షులు కోర్టులో “మాకేం తెలీదు సామీ” అంటారు. కేసులు కొట్టేస్తారు. శాంతి వచ్చిందని అందరం సంతోషిస్తాం. కానీ భర్తను పోగొట్టుకున్న ఆమెను ఎవరు అడిగారు? కొడుకు చనిపోయిన తండ్రిని ఎవరు పిలిచారు? వాళ్లకు న్యాయమూ లేదు, పరిహారమూ లేదు. అటువంటి రాజీ నివురు కప్పిన నిప్పు. పదేళ్ల తర్వాత ఆ ఇంటి పిల్లవాడు పెద్దవాడవుతాడు.

చాలామందికి తెలియని సంగతి ఇక్కడ చెప్పాలి. నేరం వల్ల నష్టపోయిన కుటుంబానికి ప్రభుత్వ నిధి నుంచి పరిహారం ఇచ్చే ఏర్పాటు 2009 చివర నుంచి చట్టంలో ఉంది. కొత్త సంహితలో అది 396వ సెక్షను. నిందితులు నిర్దోషులుగా బయటపడినా, కోర్టు సిఫారసు చేస్తే పరిహారం ఇవ్వవచ్చు. దరఖాస్తు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చేసుకోవాలి. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయసహాయం దొరుకుతుంది. సాక్షుల రక్షణకు కూడా ఒక పథకాన్ని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఆమోదించింది. నాయకుడి గడప తొక్కకుండా న్యాయం అడిగే దారులు ఇవి. ఆ దారులు ఉన్నాయని ఊళ్లో చెప్పేవాడే కరువు.

అంటువ్యాధి లెక్క

కోవిడ్ రోజుల్లో ‘ఆర్ సంఖ్య’ అనే మాట విన్నాం. ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడో ఆ సంఖ్య. అది ఒకటికి మించితే వ్యాధి పెరుగుతుంది, ఒకటి కంటే తగ్గితే ఎవరూ అద్భుతం చేయకపోయినా వ్యాధి తనంతట తానే ఆరిపోతుంది. షికాగోకు చెందిన వైద్యుడు గ్యారీ స్లట్కిన్ ఆఫ్రికాలో క్షయ, కలరా, ఎయిడ్స్ మీద పనిచేసి స్వదేశం చేరాక, కాల్పుల హత్యలు కూడా ఇలాగే ఒకరి నుంచి ఒకరికి వ్యాపిస్తున్నాయని గుర్తించాడు. 2000లో అక్కడొక కార్యక్రమం మొదలుపెట్టాడు. గొడవ జరిగిన గంటల్లోనే బాధితుల ఇంటికి పోయి, ప్రతీకారం తీర్చుకోకుండా ఆపగలిగేవాళ్లను నియమించాడు. వాళ్లు పోలీసులు కారు, ఆ పేటవాళ్లే, అక్కడి కుర్రాళ్లు మాట వినేవాళ్లు. అన్ని నగరాల్లో ఒకే ఫలితం రాలేదు గానీ, ఆలోచన మాత్రం మనకు పనికొస్తుంది.

ఒక హత్య సగటున ఒకటికి మించి ప్రతీకారాలను పుట్టిస్తే కక్ష పెరుగుతుంది. ఒకటి కంటే తగ్గితే కక్ష ఆరిపోతుంది. అందరి మనసులూ మారాల్సిన పని లేదు, గొలుసు తెగితే చాలు. గొలుసు తెగే చోట్లు ఏవి? శవం ఇంటికి వచ్చిన మొదటి రాత్రి. దినం రోజు. జామీను మీద బయటికొచ్చిన రోజు. పోలింగు, లెక్కింపు రోజులు. ఊరు విడిచిన కుటుంబం తిరిగొచ్చే రోజు. పోలీసు పికెట్ ఈ రోజుల్లో గొడవను ఆపుతుంది, నిజమే. అయితే పికెట్ ఎత్తేశాక ఆపేదెవరు? దాయాదులు, మేనమామలు, బడిపంతుళ్లు, ఆడవాళ్లు. 2018లో వచ్చిన ‘అరవింద సమేత వీర రాఘవ’ సినిమా ఈ ఆడవాళ్ల మాటను కొంతవరకు పట్టుకుంది. వేటకొడవలి పట్టేది మగవాడే గానీ, ఆ తర్వాతి ముప్పై ఏళ్లూ మోసేది ఆడది.

కప్పట్రాళ్ల చెప్పే పాఠం

కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో కప్పట్రాళ్ల అనే ఊరుంది. ఒకప్పుడు ఆ పేరు చెబితే కక్షే గుర్తొచ్చేది. 2008 మే నెలలో ఆ ఊరి నాయకుడు వెంకటప్పనాయుడు, ఆయనతో ఉన్న మరో 10 మంది దాడిలో చనిపోయారు. 2014 డిసెంబరులో ఆదోని కోర్టు 21 మందికి జీవితఖైదు విధించింది. ఒక్క ఊళ్లో ఇటు పదకొండు శవాలు, అటు ఇరవై ఒక్క జైలు శిక్షలు! రెండు వైపులా మిగిలింది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు.

2015లో అప్పటి జిల్లా ఎస్పీ ఆకె రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకున్నారు. లాఠీతో కాక బడి, ఊరి వసతుల పనులతో ఊళ్లోకి అడుగుపెట్టడం అందులో విశేషం. పోలీసు జీపు వస్తే పారిపోవడం అలవాటైన ఊళ్లో, అదే జీపు బడి పనికి కూడా వస్తుందని పిల్లలు చూశారు. వర్గనాయకుడి ద్వారా తప్ప జరగవనుకున్న పనులు అతను లేకుండా జరిగాయి. నా దృష్టిలో అసలు మార్పు అదే. మా జేజినాయన చెప్పిన ఇన్సూరెన్సును నాయకుడి చేతిలోంచి తీసి ప్రభుత్వం చేతిలో పెట్టడం.

అదే కప్పట్రాళ్ల 2024 నవంబరులో మళ్లీ వార్తల్లోకి వచ్చింది. అక్కడి అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి, ఆ ఊరివాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రోడ్డెక్కి నిరసన తెలిపారు. ప్రభుత్వం ఆ పని ఆపుతామని ప్రకటించింది. యురేనియం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆ ఊరి పేరు పత్రికలో పడిన కారణం మారింది. అంత గొప్ప మార్పు మరొకటి ఉంటుందా?

మనం చేయగలిగేది

2000 తర్వాత మన జిల్లాల్లో కక్షహత్యలు తగ్గాయన్నది అందరూ ఒప్పుకునే మాట. పిల్లలు చదువుకుని బెంగుళూరు, హైదరాబాదు చేరారు, కడప ప్రాంతంనుంచి ఎందరో కువైటు పోయారు, నాయకుల పిల్లలు వ్యాపారాల్లో దిగారు. కానీ అలవాటు పూర్తిగా పోలేదు. 2024 మే ఎన్నికల తర్వాత పక్కనున్న తాడిపత్రిలో, అవతల పల్నాడులో జరిగిన గొడవలకు ఎన్నికల సంఘం పోలీసు అధికారుల మీద చర్య తీసుకోవాల్సి వచ్చిందంటే, నిప్పు ఇంకా ఉన్నట్టే.

ఉత్తర ఐర్లండులో 1998లో ఒప్పందం కుదిరింది. ఐ.ఆర్.ఏ. ఆయుధాలు పూర్తిగా వదిలినట్టు స్వతంత్ర సంఘం ధ్రువీకరించింది 2005లో. మధ్యలో ఏడేళ్లు! ఆయుధం చివర్న వస్తుంది, నమ్మకం ముందు రావాలి. మన ఊళ్లలోనూ అంతే. రైతుకు గట్టు తగాదా నెలలో తేలితే, చెట్లు నరికినవాడికి శిక్ష పడితే, బోరుకూ బడికీ చీటీ అక్కర్లేకపోతే, గడ్డివాములోని బాంబుకు పనే ఉండదు.

విద్యార్థి మిత్రులారా! మనలో చాలామంది అటువంటి ఊళ్ల నుంచే వచ్చాం. ఎన్నికలప్పుడు బండి, పెట్రోలు, చేతిఖర్చు ఇచ్చి “రాండిరా” అని పిలిచేది మన వయసువాళ్లనే. ఆ పిలుపుకు పోకపోవడం మొదటి పని. సెలవులకు ఊరు పోయినప్పుడు బాంబు కనబడితే ఏం చేయాలో పిల్లలకు చెప్పడం, పరిహారం దరఖాస్తు రాయడం తెలీని ఇంటికి రాసిపెట్టడం, ఫోనులో వచ్చిన పుకారును ఇంకొకరికి పంపకపోవడం: ఇవి చిన్న పనులే. కానీ గొలుసు తెగేది చిన్న లంకె దగ్గరే.

శాంతి అంటే ఇద్దరు నాయకులు దండలు మార్చుకోవడం కాదు. ఏ వర్గంలోనూ లేని రైతు, ఎవరికీ నమస్కారం పెట్టకుండా తన చేనికి ఒంటరిగా పోయి, పొద్దుగూకాక ఇంటికి రాగలగడం. ఆ రోజు వచ్చిందాకా మన పౌరుషం మాట ఎవరూ ఎత్తవద్దు.